పేరును అధికారమును: రుద్రమదేవి నాటినుండి నేటివరకు

అధికారమను మాటకు లోకమున రెండర్థములు చెల్లుచున్నవి. ఒకటి పదవి, శాసనములందును పత్రములందును ఒకరి పేర వ్రాయబడునది. రెండవది నిర్ణయశక్తి, ధనమును వ్యయపరుచుటకును, భూమిని విక్రయించుటకును, ఆజ్ఞ యొసగుటకును కావలసినది. పురుషుని యెడ ఈ రెండును సామాన్యముగ ఒకచోటనే యుండును. స్త్రీ యెడ అట్లు కాదు. తెలుగుదేశ చరిత్రమున ఒకప్పుడు శక్తి స్త్రీది, పేరు పురుషునిది. వేరొకప్పుడు పేరు స్త్రీది, శక్తి పురుషునిది. ఈ రెంటి వియోగమును, వాని కలయికకు జరిగిన యత్నమును విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదటి స్థితికి కాకతీయ రుద్రమదేవియే నిదర్శనము. గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. ఆయన కుమార్తెను రుద్రుడను పేర పుత్రునిగా భావించెనని విద్యానాథుని ప్రతాపరుద్రీయము తెలుపుచున్నది. పెక్కు శాసనములందు ఆమె రుద్రదేవ మహారాజు. ఆమె శక్తి నామమాత్రము కాదు. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనము (1289) ఆమెయు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందినట్లు చెప్పుచున్నది. దీనినిబట్టి ఆమె యుద్ధమున మరణించెనని చరిత్రకారు లూహించిరి. మోటుపల్లి సీమను వర్ణించిన మార్కోపోలో ఆమె పాలనను కొనియాడెను గాని, ఆమెను మృతుడైన రాజునకు భార్యగా తలచెను. తండ్రి రాజ్యము కుమార్తెకు సంక్రమించుట అతని ఊహకు అందలేదు కాబోలు.

పురుషనామ మేల కావలసివచ్చెను? నాటి ధర్మశాస్త్రము దీనికి కొంత సమాధాన మిచ్చును. మితాక్షర మతమున, వంశపారంపర్యమైన ఆస్తియందు పుత్రునకు జన్మముచేతనే స్వత్వము కలుగును, పుత్రికకు కలుగదు. విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన ఈ వ్యాఖ్యను కేతన అదే 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. రుద్రమ సింహాసన మధిష్ఠించినను సూత్రము మారలేదు. ఆమెయే సూత్రమునకు తగినట్లు పుత్రుడైనది. కావున ఆ విజయము ఆమెకే పరిమితమయ్యెను. ఇతరుల కుమార్తెలకు దానివలన హక్కేమియు రాలేదు.

సూత్రము మారుటకు ఏడువందల యేండ్లు పట్టెను. 1937 నాటి చట్టము వితంతువునకు భర్త ఆస్తిలో భాగ మొసగెను గాని, అది జీవితాంతము అనుభవించుటకే. 1956 హిందూ వారసత్వ చట్టము ఆ పరిమితిని తొలగించి సంపూర్ణ స్వామ్యము నిచ్చెను. అయినను ఉమ్మడి కుటుంబమున జన్మస్వత్వము పుత్రులకే నిలిచెను. 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ దానిని కుమార్తెలకును కలిగించెను. అప్పటికే వివాహమైనవారికి మాత్రము వర్తింపలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించెను. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి యుండ నక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఇట్లు కుమార్తె పురుషనామము ధరింపకయే హక్కుదారు అయ్యెను.

ఇక రెండవ స్థితి. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవవంతు స్థానములను స్త్రీలకు కేటాయించెను. 2011లో ఆంధ్రప్రదేశ్ దానిని సగమునకు పెంచెను. నేడు పంచాయతీ పలకపై సర్పంచి పేరు స్త్రీది. కాని పెక్కు గ్రామములందు సభలో కూర్చుండువాడు భర్త. సంతకము మాత్రమే ఆమెది. ఇంటియందును ఇదే రీతి. పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన పొలము ఆమె పేరనే యుండును. కౌలునకు ఎవరి కీయవలెనో, ఎప్పు డమ్మవలెనో ఆమె నడుగకయే తేలును. పుట్టింటి రాకపోకలు చెడునను భయమున అన్నదమ్ములకు హక్కు విడుదల దస్తావేజు వ్రాసి యిచ్చు ఆడపడుచులు నేటికిని కలరు. చట్ట మిచ్చినదానిని బంధుత్వము తిరిగి తీసికొనుచున్నది.

పేరును పదవియు లేకయే శక్తి వెల్లడియైన సందర్భము నొకదానిని ఇచట స్మరింపవలెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. భర్తల కూలి సారాకు పోవుట ఇంటి బాధ. దుకాణముల వేలము ప్రభుత్వ వ్యవహారము. అక్షరాస్యతా తరగతులలో కూడిన స్త్రీలు ఈ రెంటికిగల సంబంధమును గుర్తించిరి. ఉద్యమము వ్యాపించి 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినను, ఇంటి మాట సభకెక్కిన తీరు మరపునకు రాదు.

దీనినిబట్టి ఇంటి అధికారమును బయటి అధికారమును వేర్వేరు కావని తేలుచున్నది. తన పొలమును గూర్చి ఇంటిలో మాటాడ నలవాటు లేనిచో, పంచాయతీ నిధులను గూర్చి సభలో మాటాడుట సులభము కాదు. శాసనములును దస్తావేజులును మనకు పేర్లనే చూపును. ఆ పేర్ల వెనుక నిర్ణయ మెవరిదో పరిశోధకుడు విచారింపవలెను. స్త్రీ సంతకము చేసినప్పుడు పని జరుగుటవలన ఆమె అధికారము తెలియదు. ఆమె చేయనన్నప్పుడు పని ఆగునా యన్నదే దానికి పరీక్ష.