ఆకు రంగు – చుట్ట నిప్పు



దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది. అంటే చుట్ట నిప్పున్న కొనను నోట్లో పెట్టుకొని పీలుస్తుంది. మన వైపు చాలామంది ముసలమ్మలకు ఈ అలవాటు ఉన్నదే. అమ్మమ్మ అంగిట్లో తెల్లమచ్చ వచ్చింది. డాక్టరుగారు చూసి, "ఇది ఇంకా క్యాన్సరు కాదు. చుట్ట మానకపోతే కావచ్చు" అన్నారు.

నేను ధైర్యం చెప్పాను. "అమ్మమ్మా, రంగురంగుల పళ్ళు, కూరలు తింటే క్యాన్సరు రాదట." అమ్మమ్మ నవ్వి, "అయితే మరేటి! బొప్పాయి తింటాను, చుట్టా కాలుస్తాను" అంది. నాకు జవాబు తోచలేదు. బడికి వచ్చి సైన్సు మేడంగారిని అడిగాను. తెలుసుకున్నది మీకు రాస్తున్నాను.

మొక్కకు రంగు ఎందుకు?

ఆకులోని పత్రహరితం ఎండను పట్టి ఆహారం తయారుచేస్తుంది. ఎండ మరీ ఎక్కువైతే ఆకులోనే ఒక రకం చురుకైన ఆక్సిజన్ పుట్టి, పక్కనున్న వాటిని పాడుచేస్తుంది. దాన్ని అణచడానికి ఆకులో పసుపు, నారింజ రంగులు ఉంటాయి. వీటిని కెరోటినాయిడ్లు అంటారు. ఆకు పండినప్పుడు పచ్చదనం పోయి ఇవి బయటపడతాయి. మామిడి చిగురు ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు వల్ల. లేత ఆకుకు అది గొడుగు లాంటిది. నేరేడు పండు తింటే నాలుక ఊదా అవుతుంది కదా, అదీ ఈ జాతి రంగే. టమాటాలో లైకోపీన్, గుమ్మడిలో, మునగాకులో బీటా కెరోటిన్, మన పసుపు కొమ్ములో కుర్కుమిన్ ఉంటాయి.

మనకు ఏమి ఉపయోగం?

మన ఒంట్లో కూడా అలాంటి చురుకైన అణువులు పుడతాయి. పొగ తాగితే మరీ ఎక్కువ. అవి కణంలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. దెబ్బలు పేరుకుంటే కణం అదుపు తప్పి పెరగవచ్చు. అదే క్యాన్సరు. పరీక్షనాళికలో ఈ రంగులు ఆ అణువులను అణచగలవు. అందుకే వీటిని యాంటీ ఆక్సిడెంట్లు అన్నారు. పళ్ళు, కూరలు బాగా తినేవారిలో కొన్ని క్యాన్సర్లు తక్కువగా కనిపించాయి. అయితే రంగును మాత్రగా మింగితే చాలదా అని శాస్త్రజ్ఞులకు ఆశ కలిగింది.

ఫిన్లాండు దేశంలో పరీక్షించారు. పొగ తాగే మగవారు 29,133 మందిని తీసుకున్నారు. వారిలో సగం మందికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో ఫలితం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. మాత్ర మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువైంది! అమెరికాలో ఇలాంటి పరీక్షనే 1996లో మధ్యలో ఆపేశారు. పొగ నిండిన ఊపిరితిత్తుల్లో ఎక్కువ కెరోటిన్ తానే విరిగి హాని చేస్తుందేమోనని అంటారు.

మరి బొప్పాయి మానేయాలా? వద్దు! పండులో అంత మోతాదు ఒక్కసారే ఉండదు. పీచు, విటమిన్లు కూడా ఉంటాయి. బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది, కళ్ళకు మంచిది. కనుక హాస్టల్లో ఆకుకూర వేసిన రోజు కంచం పక్కన తీసి పెట్టకండి. కానీ అది చుట్టకు విరుగుడు మాత్రం కాదు.

అమ్మమ్మకు ఉత్తరం రాశాను. "గొడుగు ఎండకు పనికొస్తుంది. ఇంటికి నిప్పంటుకుంటే గొడుగు ఏం చేస్తుందే అమ్మమ్మా? ముందు నిప్పు ఆర్పాలి కదా" అని. మామయ్య చదివి వినిపించాడట. పోయిన ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చి, ఇప్పుడు రోజుకి ఒక్కటే కాలుస్తోందని చెప్పాడు. ఆ ఒక్కటీ వద్దని ఇంకో ఉత్తరం రాస్తున్నాను.

మిత్రులారా! సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళను నోరు తెరవమని చూడండి. తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, రెండు వారాలైనా మానని పుండు గాని ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. తిడతారు. తిట్టనివ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని