బడి కమిటీలో పసిపిల్లల గురువు

పంచాయతీ సమావేశములో బడి ప్రస్తావన వచ్చినపుడు మాట సాధారణముగా మూడు విషయములపై నడచును: గది కప్పు, ప్రహరీ గోడ, మంచినీటి కుళాయి. ఇవి అవసరములే, కాదనువారు లేరు. కాని జూన్ నెలలో ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు దసరా సెలవుల పిదప మరల బడి ముఖము చూడకపోయినచో, అందుకు కారణమేమో గోడను అడిగి తెలిసికొనలేము. ఆ పిల్లవానిని మూడవ యేటి నుండి ఎరిగిన వ్యక్తి గ్రామములో ఒకరు కలరు. ఆమె అంగన్‌వాడీ కార్యకర్త. వానికి అన్నము పెట్టినది, బరువు తూచినది, పాట నేర్పినది ఆమెయే.

అట్టి ఆమెకు బడి యాజమాన్య కమిటీలో స్థానము కలదా? ఎన్నికలో నిలుచుటకు వీలగునా? ఆ స్థానము వలన పిల్లలకు కలుగు మేలేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము పంచాయతీ సభ్యులకు తెలిసియుండుట మంచిది. ఏలనన, ఆ కమిటీలో వార్డు సభ్యునికి కూడ చోటు కలదు.

కమిటీ పుట్టుపూర్వము

మన రాష్ట్రములో తల్లిదండ్రులు బడి వ్యవహారములలో పాల్గొనుట క్రొత్త సంగతి కాదు. 1998లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ సామాజిక భాగస్వామ్య చట్టమును చేసి బడి స్థాయిలో విద్యా కమిటీలను ఏర్పరచినది. తరువాత పార్లమెంటు 2009లో ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టమును చేసినది. అది 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టములోని 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలకు, స్థానిక సంస్థల పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండి తీరవలెను. అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండవలెను. మొత్తము సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను.

కమిటీ పనులు కూడ చట్టములోనే చెప్పబడినవి. బడి నడచు తీరును గమనించుట, పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసి సిఫారసు చేయుట, వచ్చిన నిధులు సక్రమముగ ఖర్చగుచున్నవో లేదో చూచుట ముఖ్యమైనవి. కనుక ఈ కమిటీ పేరుకు మాత్రమే కూర్చుండు సభ కాదు. బడికి వచ్చు ప్రతి రూపాయి విషయమున దానికి మాట కలదు.

ఎవరెవరు సభ్యులు

విద్యాహక్కు చట్టము ననుసరించి మన రాష్ట్రములో 2011లో నియమావళి వెలువడినది. ఒక్కొక్క తరగతి పిల్లల తల్లిదండ్రులు తమలో నుండి ముగ్గురిని ఎన్నుకొందురు. ఆ ముగ్గురిలో ఇద్దరైనను స్త్రీలు కావలెను. వెనుకబడిన, బలహీన వర్గములవారికి ప్రాతినిధ్యము ఉండవలెను. ఇట్లు ఎన్నికైన తల్లిదండ్రుల నుండియే అధ్యక్షుని, ఉపాధ్యక్షుని ఎన్నుకొందురు. కమిటీ కాలపరిమితి 2 సంవత్సరములు. రాష్ట్రమంతట ఇట్టి ఎన్నికలు 2024 ఆగష్టు 8వ తేదీన జరిగినవి.

ఎన్నికైన వారు గాక, హోదా వలన సభ్యులగువారు కొందరు కలరు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరుగా ఉండును. ఆ ప్రాంతపు వార్డు సభ్యుడు, ఆరోగ్య కార్యకర్త, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు సభ్యులు. వీరితోపాటు ఆ పరిసరములలో పనిచేయు అంగన్‌వాడీ కార్యకర్త కూడ సభ్యురాలే. ఇవి గాక, విద్యయందు ఆసక్తిగల పెద్దలను, దాతలను ఇద్దరిని కమిటీవారు చేర్చుకొనవచ్చును.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టము. అంగన్‌వాడీ కార్యకర్త బడి కమిటీకి పిలువబడిన అతిథి కాదు. నియమము ననుసరించి సభ్యురాలు. ఆమెకు సమావేశపు కబురు అందకపోయినచో అడుగుటకు ఆమెకును హక్కు కలదు, వార్డు సభ్యునికిని బాధ్యత కలదు.

ఇంగ్లండు చెప్పు పాఠము

పసిపిల్లల మంచిచెడ్డలు ఎరిగిన స్త్రీ బడి పాలకవర్గములో కూర్చున్న యెడల ఏమి జరుగునో తెలుపు నిదర్శనము ఇంగ్లండు దేశ చరిత్రలో కలదు. అచ్చట 1870లో చేసిన చట్టము వలన ఊరూర స్కూలు బోర్డులు ఏర్పడినవి. ఆ కాలమున స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేదు. అది 1918లో గాని, అదియును కొందరికి గాని రాలేదు. అయినను స్కూలు బోర్డులకు పోటీచేయుటకు స్త్రీలకు తొలినుండి వీలుండెను. 1870లో జరిగిన లండను స్కూలు బోర్డు మొదటి ఎన్నికలోనే ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ అను ఇద్దరు స్త్రీలు గెలుపొందిరి. ఎన్ని స్థానములున్నచో ఒక్కొక్క ఓటరుకు అన్ని ఓట్లుండెను. వాటినన్నిటిని ఒక్క అభ్యర్థికే వేయుటకును అనుమతి కలదు. అందువలన పెద్ద పక్షముల అండ లేనివారును గెలువగలిగిరి.

1894లో బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున మార్గరెట్ మెక్‌మిలన్ అను ఆమె స్కూలు బోర్డుకు ఎన్నికైనది. అది ఉన్ని మిల్లుల ఊరు. బడికి వచ్చు పిల్లలలో చాలమంది సగము దినము మిల్లులో పనిచేయువారు. ఆకలితో, మురికితో, జబ్బులతో కూర్చున్న పిల్లవానికి పలక యిచ్చిన మాత్రమున చదువు రాదని ఆమె వాదించెను. ఆ బోర్డు బడిలో స్నానపు గదులు ఏర్పరచినది. 1899లో వైద్యుడు జేమ్స్ కెర్‌తో కలిసి ఆమె బడిపిల్లలకు వైద్యపరీక్ష జరిపించెను. ఇంగ్లండులో అట్టి పరీక్షలలో అది తొలివానిలో ఒకటి. తదుపరి 1906లో బడిపిల్లల భోజనమునకు, 1907లో వైద్యపరీక్షకు ఆ దేశములో చట్టములు వచ్చినవి. ఆమె, ఆమె అక్క రేచెల్ 1914లో లండనులోని డెట్‌ఫర్డ్ పేటలో పసిపిల్లల కొరకు ఆరుబయలు శిశుపాఠశాలను తెరచిరి. బోర్డులో కూర్చుండి ఆమె గ్రహించిన సత్యమేమనగా, అయిదవ యేట బడికి వచ్చిన పిల్లవాని కష్టము అంతకుముందే మొదలగుచున్నది.

ఈ కథలో మరియొక పాఠము కలదు. 1902లో స్కూలు బోర్డులు రద్దయి వాటి పని పట్టణ, జిల్లా పాలకసభలకు మారినది. ఆ సభలకు ఎన్నికగు హక్కు స్త్రీలకు 1907 వరకు లేదు. విద్యా కమిటీలలో మాత్రము వారిని చేర్చుకొనిరి. ఓటుతో వచ్చిన స్థానము పోయి, ఒకరు పిలిచి యిచ్చిన స్థానము మిగిలినది. ఈ రెంటికి గల భేదమును మనము మరువరాదు.

ఆమె తెచ్చు సమాచారము

నరసన్నపేట మండలములోని ఉర్లాం, జమ్ము, కోమర్తి, సత్యవరం వంటి గ్రామములను తలచుకొందము. అంగన్‌వాడీ కేంద్రము నుండి పిల్లలు నడచి పోదగిన దూరములోనే బడి ఉండుట మన పల్లెలలో సాధారణము. కొన్నిచోట్ల రెండును ఒకే ఆవరణలో ఉండును. అయినను కేంద్రములోని వివరములు బడికి చేరుట పలుచోట్ల జరుగుట లేదు. పిల్లవాడు ఒక గడప దాటి మరియొక గడపలో అడుగిడుసరికి, వాని మూడేండ్ల చరిత్ర వెనుకనే నిలిచిపోవుచున్నది.

అంగన్‌వాడీ పథకము 1975 అక్టోబరు 2వ తేదీన దేశములో ప్రారంభమైనది. పోషకాహారము, వ్యాధినిరోధక టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైనపుడు ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్య బోధ, 3 నుండి 6 సంవత్సరముల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఇందలి సేవలు. కనుక కార్యకర్త పుస్తకములలో ఉపాధ్యాయునకు కావలసిన విషయములు చాల కలవు.

మొదటిది, ఈ యేడు బడికి రావలసిన పిల్లల పట్టిక. ఎవరి వయస్సు నిండినది, ఎవరింట పుట్టినతేదీ పత్రము లేదు అను సంగతులు ఆమెకు ముందుగా తెలియును. రెండవది, పిల్లల ఎదుగుదల. ఏ పిల్ల బరువు తక్కువగా ఉన్నది, ఎవరికి చెవి సరిగా వినబడదు, ఎవరు మాట ఆలస్యముగ నేర్చిరి అని ఆమె చెప్పగలదు. వినబడని పిల్లవానిని మొద్దబ్బాయి అని వెనుక బల్లపై కూర్చుండబెట్టిన పొరపాటు ఈ ఒక్క మాటతో తప్పును. మూడవది, కుటుంబముల వలస. మన జిల్లా నుండి పనులకై దూర ప్రాంతములకు పోవు కుటుంబములు అనేకము. ఏ నెలలో ఏ యింటికి తాళము పడునో, పిల్లలను అవ్వ తాతల వద్ద విడిచిపోదురో వెంట తీసికొనిపోదురో ఆమెకు తెలియును.

నాలుగవది, పిల్లల పలుకు. మన ప్రాంతమున చిన్నపిల్లలను గుంటలందురు. ఇంటి మాట వేరు, పుస్తకపు మాట వేరు అగుట చేత మొదటి దినములలో పిల్లవాడు మూగవోవును. ఈ చిక్కును గ్రహించిన మహనీయుడు మన శ్రీముఖలింగమునకు దాపున గల పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని ఆయన సవరభాష నేర్చి, పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిరి. పిల్లవాని ఇంటి మాటను, బడి మాటను ఎరిగి ఆ రెంటికి నడుమ వంతెన వేయగలవారిలో అంగన్‌వాడీ కార్యకర్త మొదటిది.

ఎన్నికలో నిలువవచ్చునా

ఇక రెండవ ప్రశ్న. హోదా వలన సభ్యురాలైన కార్యకర్త కమిటీ అధ్యక్షురాలు కాజాలదు. ఆ పదవి ఎన్నికైన తల్లిదండ్రులకే చెందును. అయితే ఆమె బిడ్డ ఆ బడిలోనే చదువుచున్నచో ఆమె కూడ ఒక తల్లియే. తల్లిగా ఎన్నికలో నిలువదలచినచో, ఆ యెన్నిక ప్రకటనలోని నిబంధనలను మండల విద్యాశాఖాధికారి వద్ద ముందుగా విచారించుకొనుట యుక్తము. ప్రైవేటు శిశుపాఠశాలలో బోధించు తల్లి, ఉద్యోగ విరమణ చేసిన కార్యకర్త వంటివారి విషయము వేరు. మొదటి ఆమె బిడ్డ ఆ బడిలో చదువుచున్నచో తల్లిగా పోటీచేయవచ్చును. రెండవ ఆమెను విద్యయందు ఆసక్తిగల పెద్దగా కమిటీవారు చేర్చుకొనవచ్చును.

బడి కమిటీ ఎన్నికను పంచాయతీ ఎన్నికతో కలిపి చూడరాదు. అంగన్‌వాడీ పోస్టులు సివిలు పోస్టులు కావని సుప్రీంకోర్టు 2006లో కర్ణాటక రాష్ట్రపు కేసులో తీర్పు చెప్పినది. అంతమాత్రముచేత ప్రతి యెన్నికకు ఆమె అర్హురాలని గాని, కాదని గాని మనము నిశ్చయింపరాదు. పంచాయతీ పదవులకు అర్హతలు పంచాయతీరాజ్ చట్టమును, రాష్ట్ర ఎన్నికల సంఘమువారి ఆదేశములను బట్టి తేలును. నామినేషను వేయుటకు ముందే అడిగి తెలిసికొన్నచో తరువాత చిక్కు ఉండదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

రాజ్యాంగములోని 45వ అధికరణము, 2002లో జరిగిన సవరణ పిదప, ఆరేండ్లు నిండువరకు పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యము కృషి చేయవలెనని చెప్పుచున్నది. పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను తెలుపు పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక విద్యయు, స్త్రీ శిశు సంక్షేమమును రెండును కలవు. ఈ రెండు విషయములు ఒకే బల్ల వద్ద కలిసికొను చోటు బడి కమిటీ. అందుచేత సభ్యులు ఈ క్రింది పనులను తమవిగా భావింపవలెను.

కమిటీ సమావేశపు కబురు అంగన్‌వాడీ కార్యకర్తకు ముందుగా అందినదా అని వార్డు సభ్యుడు విచారింపవలెను. సమావేశపు వేళను కేంద్రములో పిల్లలకు భోజనము పెట్టు వేళతో తగులకుండ నిర్ణయింపవలెను. లేనిచో ఆమెకు స్థానముండియు రాలేదు. ప్రతి సంవత్సరము బడి తెరచుటకు ముందు, క్రొత్తగా చేరు పిల్లల పట్టికను ఆమె చేత చదివించి మినిట్సు పుస్తకములో వ్రాయించవలెను. దసరా తరువాత జరుగు సమావేశములో ఆ పట్టికను మరల తెరచి, రాని పిల్లల పేర్లు ఒక్కొక్కటిగ విచారింపవలెను. పేరు చదివినచో ఇల్లు తెలియును. ఇల్లు తెలిసినచో కారణము తెలియును. అభివృద్ధి ప్రణాళిక తయారుచేయునపుడు పసివారికి అందు ఎత్తులో కుళాయి, వారికి తగిన మరుగుదొడ్డి వంటి చిన్న పనులను ఆమెను అడిగి చేర్చవలెను. వీటికి అగు ఖర్చు స్వల్పము.

సభలో ఆమె మాటలాడునపుడు వినుట వీటన్నిటికంటె ముఖ్యము. స్త్రీలకు స్థానములు కేటాయించుట ఒక మెట్టు. ఆ స్థానములోని వారి మాట తీర్మానములో చేరుట రెండవ మెట్టు. మొదటిది చట్టము చేసి పెట్టినది. రెండవది పంచాయతీ సభ్యుల చేతిలో ఉన్నది.

రాబోవు కమిటీ సమావేశమునకు పోవునపుడు, బడికి రాకుండ పోయిన పిల్లలెందరు అని మీ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తను ఒక్కమారు అడుగుడు. ఆమె చెప్పు పేర్లను వ్రాసికొని, ఆ పిల్లల ఇండ్లకు ఆమెతో కలిసి వెళ్ళుడు.