ఆగిన మోటారు ఏల కాలును?

సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారము వంటి పారిశ్రామికవాడలలో పంపులను, బెల్టులను త్రిప్పునవి చాలవరకు ప్రేరణ మోటారులే. అట్టి మోటారు రేకు మీద "50 హెర్ట్‌జులు, నిమిషమునకు 1440 చుట్లు" అని ఉండుట కద్దు. విద్యార్థి లెక్క వేసినచో వేరొక సంఖ్య వచ్చును.

మన దేశమున ఏకాంతర విద్యుత్తు సెకండునకు 50 ఆవర్తనములు చేయును. ఈ పౌనఃపున్యమును 120చే గుణించి, ధ్రువముల సంఖ్యచే భాగించినచో, మోటారులో అయస్కాంత క్షేత్రము తిరుగు వేగము తెలియును. నాలుగు ధ్రువములున్నచో 120 × 50 ÷ 4 = 1500. మరి తక్కిన 60 చుట్లు ఏమైనవి?

రోటరు, అనగా తిరుగు భాగము, క్షేత్రముతో సమానముగా తిరిగినచో క్షేత్రరేఖలు దాని కడ్డీలను ఖండింపవు. కడ్డీలలో విద్యుత్తు పుట్టదు; త్రిప్పు బలమును ఉండదు. కనుక రోటరు కొంచెము వెనుకబడియే తిరుగవలెను. ఈ వెనుకబాటునకు స్లిప్పు అని పేరు. ఇచట అది 60 ÷ 1500, అనగా నూటికి 4.

ఇప్పుడు బెల్టులో ఏదో అడ్డుపడి మోటారు ఆగినదనుకొందము. పని ఆగినది గనుక ప్రవాహము తగ్గునని తోచును. జరుగునది దీనికి విరుద్ధము. కారణము తెలియుటకు లెక్కకు సులభమైన ఏకముఖ ప్రవాహ షంటు మోటారును తీసికొందము.

1845లో గుస్తావ్ కిర్కాఫ్ విద్యార్థిగా ఉండగనే రెండు నియమములను తెలిపెను. సంధికి వచ్చు ప్రవాహముల మొత్తము, దానినుండి వెడలు ప్రవాహముల మొత్తమునకు సమానము. మూసిన వలయములో వోల్టేజి పెరుగుదలల మొత్తము, తగ్గుదలల మొత్తమునకు సమానము.

మోటారు 220 వోల్టులపై 21 ఆంపియర్లు తీసికొనుచున్నదనుకొనుడు. అందు 1 ఆంపియరు క్షేత్రపు చుట్టలకు పోయినచో, మొదటి నియమము ప్రకారము ఆర్మేచరునకు 20 మిగులును. ఆర్మేచరు నిరోధము 0.5 ఓము అయినచో అందు తగ్గు వోల్టేజి 10. తక్కిన 210 వోల్టులను, తిరుగుచున్న ఆర్మేచరులో పుట్టు ఎదురు వోల్టేజి సరితూచును.

క్షేత్రము మారనంతవరకు ఎదురు వోల్టేజి వేగమునకు అనులోమముగా ఉండును. పై స్థితిలో వేగము 1500 అనుకొందము. భారము తగ్గి ఆర్మేచరు ప్రవాహము 4 ఆంపియర్లయినచో ఎదురు వోల్టేజి 218. వేగము 1500 × 218 ÷ 210, అనగా సుమారు 1557.

మోటారు ఆగినచో ఎదురు వోల్టేజి సున్న. అప్పుడు 220 వోల్టులను నిరోధమొక్కటే మోయవలెను. ప్రవాహము 220 ÷ 0.5 = 440 ఆంపియర్లు, అనగా 22 రెట్లు. వేడిమి ప్రవాహపు వర్గమును అనుసరించును గనుక అది 484 రెట్లగును!

ప్రేరణ మోటారు ఆగినప్పుడును ఇట్టిదే జరుగును. స్లిప్పు నూటికి నూరగును. ప్రవాహము సాధారణముగా పూర్తి భారపు ప్రవాహమునకు అయిదారు రెట్లగును. ఆరు రెట్లయినచో వేడిమి 36 రెట్లు. చుట్టల పూత మాడక మునుపే విద్యుత్తును తెంచుటకై ఓవర్‌లోడు రిలేను అమర్చెదరు. అది తెంచినప్పుడు కారణము వెదకక మరల మరల మీట నొక్కరాదు. మెయిను స్విచ్చి తీసి, మరియొకరు వేయకుండ తాళము బిగించి, పిమ్మటనే అడ్డును తొలగింపవలెను. లేనిచో అడ్డు తొలగిన క్షణముననే మోటారు తిరిగి, చేతిని లాగివేయగలదు.