వేగిస, ఎర్రచందనం: ముప్పులో తేడా ఎందుకు?

ఉత్తరాంధ్ర కొండల్లో పెరిగే వేగిసకూ, రాయలసీమ ఎర్రచందనానికీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండూ ఒకే ప్రజాతి చెట్లు. రెండింటి కాయలూ చిన్న అప్పడంలా గుండ్రంగా, చుట్టూ రెక్కతో ఉండి గాలికి ఎగిరిపోతాయి.

అయినా ముప్పులో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఎర్రచందనం ‘అంతరించే ప్రమాదం’లో ఉంది. వేగిస ‘ముప్పుకు చేరువ’లో ఉంది. ఎందుకీ తేడా?

మొదటి కారణం చోటు. వేగిస మన కనుమల నుంచి నేపాల్, శ్రీలంక దాకా పెరుగుతుంది. ఒక అడవిలో నరికినా మరో అడవిలో మిగులుతుంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ముఖ్యంగా శేషాచలం, వెలికొండ, పాలకొండల రాతినేలల్లోనే. (ఈ పాలకొండలు కడప వైపువి, ఉత్తరాంధ్రలోని పాలకొండ ఊరు కాదు.)

రెండోది ధర. ఎర్రచందనం చేవలోని శాంటలిన్ అనే ఎర్రరంగు వల్ల విదేశాల్లో దానికి గిరాకీ ఎక్కువ. కానీ చేవ తేరడానికి దశాబ్దాలు పడుతుంది. దొంగలు నరికినంత వేగంగా చెట్టు పెరగలేదు. అందుకే 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ ఒప్పందం నియంత్రణ ఉంది.

వేగిసకూ భయం లేకపోలేదు. దాని చేవను నీళ్లలో వేస్తే వెలుతురులో నీలికాంతి మెరుస్తుంది, ఎంత అందమో! ఆ నీళ్లు మధుమేహానికి మందని నమ్మి చెక్కతో గ్లాసులు చేస్తారు. ఎర్రటి జిగురు కోసం బెరడుకు గాట్లు పెడతారు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. గాట్లు మితిమీరి చుట్టూ బెరడు ఊడిపోతే వేళ్లు ఆకలితో చస్తాయి, తర్వాత చెట్టంతా ఎండిపోతుంది.