ఫిష్ ట్యాంక్‌లో డిస్కస్ చేపలు వరుసగా చనిపోతున్నాయా..? బోరు నీళ్లలో ఉన్న తిరకాసు ఇదే!

షాపులో చూసినప్పుడు హుషారుగా ఈదుతుంటాయి. రంగులు చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఇంటికి తెచ్చి ట్యాంక్‌లో వదిలిన రెండో రోజుకే నల్లబడి ఓ మూలన నక్కుతాయి. మేత వేసినా పైకి రావు. వారం తిరక్కుండానే ఒక్కొక్కటిగా తేలిపోతాయి. డిస్కస్, కార్డినల్ టెట్రా లాంటి సున్నితమైన చేపలు పెంచేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే. డిస్కస్ అయితే ఒక్కో చేప ధర వేలల్లోనూ ఉంటుంది. అందుకే చేప పోయిందంటే ప్రాణం ఉసూరుమంటుంది. రోగం వచ్చిందనుకుని మందులు పోసేస్తుంటారు. కానీ ముందు చూడాల్సింది నీళ్లను.

టీ డికాక్షన్ లాంటి నది నుంచి..

ఈ చేపల సొంతూరు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం. కార్డినల్ టెట్రాలు ఎక్కువగా కనిపించేది బ్రెజిల్‌లోని రియో నీగ్రోలో. ఆ పేరుకు అర్థమే 'నల్ల నది'. అడవిలో రాలిన ఆకులు, కొమ్మలు నానీ నానీ ఆ నీళ్లు టీ డికాక్షన్ రంగులోకి మారతాయి. వాటిలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. పీహెచ్ 4 నుంచి 5 మధ్యే ఉంటుంది. అంటే ఆమ్ల గుణం ఉన్న, చాలా మెత్తటి నీళ్లన్నమాట.

మంచినీటి చేప శరీరంలో ఉప్పు ఎక్కువ, చుట్టూ నీళ్లలో తక్కువ. అందుకే మొప్పల గుండా నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. వాటిని మూత్రంగా బయటికి పంపుతూ, లవణాలను మళ్లీ మొప్పలతోనే పీల్చుకుంటూ చేప బతుకుతుంది. అమెజాన్ చేపల శరీరం లవణాలు లేని నీళ్లకు తగ్గట్టు తయారైంది. ఒక్కసారిగా నీళ్లు మారితే ఆ లెక్క తప్పుతుంది. చేప వెంటనే చావకపోవచ్చు. కానీ నీరసించి, చిన్న ఇన్‌ఫెక్షన్‌కే లొంగిపోతుంది.

మన నీళ్ల సంగతేంటి?

తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల బోరు నీళ్లు గట్టివి. దీనికి టెస్ట్ కిట్ కూడా అక్కర్లేదు. కుళాయి చుట్టూ తెల్లటి పెచ్చు, సబ్బు నురగ రాకపోవడం, కందిపప్పు ఎంతకీ ఉడక్కపోవడం.. ఇవన్నీ హార్డ్ వాటర్ గుర్తులే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హార్డ్‌నెస్ పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే దిక్కు లేకపోతే 600 వరకు ఫర్వాలేదంటుంది. మనుషులకు అది చెల్లుతుంది. డిస్కస్‌కు మాత్రం 50 నుంచి 150 మధ్య ఉంటే హాయి. పిల్లలు తీయించాలంటే ఇంకా తగ్గించాలి.. గట్టి నీళ్లలో ఈ రకాల గుడ్లు సరిగా పొదగవు.

పీహెచ్ తగ్గించే సీసా.. ఇక్కడే చాలామంది బోల్తా!

కిట్‌తో చూస్తే పీహెచ్ 8 వస్తుంది. డిస్కస్‌కు 6 నుంచి 7 మధ్య కావాలని ఎవరో చెబుతారు. వెంటనే షాపులో దొరికే పీహెచ్ తగ్గించే లిక్విడ్ తెచ్చి పోస్తారు. కొందరు నిమ్మరసం, వెనిగర్ కూడా పిండేస్తారు. గంటలో పీహెచ్ పడిపోతుంది. తెల్లారేసరికి మళ్లీ 8! ఇంకాస్త పోస్తారు. మళ్లీ పడుతుంది, మళ్లీ లేస్తుంది.

ఎందుకంటే గట్టి నీళ్లలో మామూలుగా బైకార్బొనేట్లు కూడా దండిగా ఉంటాయి. ఆమ్లం పోయగానే అవి దాన్ని మింగేస్తాయి. ఆ పనిలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోగానే పీహెచ్ మళ్లీ పైకి వస్తుంది. ఈ అడ్డుకునే శక్తినే ఆల్కలినిటీ అంటారు. అక్వేరియం వాళ్ల భాషలో 'కేహెచ్'. ఇది తగ్గకుండా పీహెచ్ ఒక్కటే దిగదు. పైగా పీహెచ్ 8 నుంచి 7కి దిగిందంటే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. రోజూ ఈ ఊగిసలాటలో చేప అలసిపోతుంది. స్థిరంగా ఉండే 7.6లో బతికే డిస్కస్, రోజూ 6.5కీ 8కీ మధ్య ఊగే ట్యాంక్‌లో బతకదు.

మరి ఏం చేయాలి?

ఆర్వో నీళ్లు కలపడమే సులువైన దారి. ఆర్వో మెషీన్ కాల్షియంతో పాటు బైకార్బొనేట్లనూ తీసేస్తుంది. లెక్క ఇంట్లో వేసుకునేంత తేలిక. మీ బోరు నీళ్ల హార్డ్‌నెస్ 400 ఉందనుకోండి. ఒక బకెట్ బోరు నీళ్లకు మూడు బకెట్ల ఆర్వో నీళ్లు కలిపితే 100 దగ్గరికి వస్తుంది. పీహెచ్ కూడా దానంతటదే కొంత దిగుతుంది.

అలాగని మొత్తం ఆర్వో నీళ్లే నింపొద్దు. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా చేపల వ్యర్థాలను శుద్ధి చేస్తూ బైకార్బొనేట్లను ఖర్చు చేస్తుంది. ఉత్త ఆర్వో నీళ్లలో ఆ నిల్వే ఉండదు. దాంతో పీహెచ్ ఉన్నట్టుండి కుప్పకూలుతుంది.

ఇంకో చిక్కు.. ఇంట్లో తాగే ఆర్వో మెషీన్లు కొన్ని రుచి కోసం మళ్లీ మినరల్స్ కలుపుతాయి. కొన్నింటిలో మామూలు నీళ్లు కొంత కలిపే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి కుళాయి దగ్గర పట్టి టెస్ట్ చేశాకే లెక్క వేసుకోండి. అపార్ట్‌మెంట్‌లో వాటర్ సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది కదా అని ధీమా పడేవాళ్లూ ఉన్నారు. మామూలుగా వాడే సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి దాని స్థానంలో సోడియం పెడుతుంది. సబ్బు నురగ వస్తుంది.. కానీ బైకార్బొనేట్లు అక్కడే ఉంటాయి, పీహెచ్ దిగదు, టీడీఎస్ కూడా తగ్గదు. డిస్కస్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. టీడీఎస్ మీటర్ ఒక్కటే చూసి హార్డ్‌నెస్ చెప్పలేమనడానికి కూడా ఇదే ఉదాహరణ. హార్డ్‌నెస్, కేహెచ్ చూసే చుక్కల కిట్లు వేరేగా కొనాలి. ఒక్క చేప ఖరీదుతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

కలిపిన నీళ్లను డ్రమ్ములో పోసి, రాత్రంతా ఎయిర్ పంప్ పెట్టి, పొద్దున పీహెచ్ చూడాలి. బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది కాబట్టి వెంటనే చూస్తే తక్కువ చూపిస్తుంది. డిస్కస్‌కు నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉండాలి. డ్రమ్ము నీళ్లు కూడా అదే వేడికి వచ్చాకే పోయాలి. మున్సిపల్ నీళ్లైతే క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ కలిపిన యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తే సరిపోతుంది.

ఇప్పటికే చేపలున్న ట్యాంక్‌లో తొందర పనికిరాదు. రెండు మూడు రోజులకోసారి పది, పదిహేను శాతం నీళ్లు మారుస్తూ రెండు మూడు వారాల్లో అనుకున్న చోటికి తేవాలి.

పాత ట్యాంక్‌లో దాగున్న విషం

ఇది చాలామందికి అంతుబట్టని చావు. నెలల తరబడి నీళ్లు మార్చని ట్యాంక్‌లో కేహెచ్ అరిగిపోయి పీహెచ్ 6కి, ఇంకా కిందికి జారుతుంది. అంత తక్కువలో ఫిల్టర్ బ్యాక్టీరియా మందగిస్తుంది. వ్యర్థాలన్నీ పేరుకుపోతాయి. అయినా చేపలు మామూలుగానే తిరుగుతుంటాయి. కారణం.. ఆమ్ల గుణం ఉన్న నీళ్లలో అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియంగా ఉంటుంది. దానివల్ల హాని చాలా తక్కువ.

ఓ ఆదివారం యజమానికి ట్యాంక్ మురికిగా కనిపిస్తుంది. సగం తోడేసి బోరు నీళ్లు నింపుతారు. పీహెచ్ ఒక్కసారిగా 8 వైపు లేస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో మొత్తం అమ్మోనియాలో విషరూపం అర శాతం పైచిలుకే. పీహెచ్ 8కి వస్తే అది 5 శాతం దాటుతుంది. దాదాపు పది రెట్లు! నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి.. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. 'నిన్నటిదాకా బాగానే ఉన్నాయి, శుభ్రం చేశాకే పోయాయి' అంటుంటారు. శుభ్రం చేయడం తప్పు కాదు.. నెలల తర్వాత ఒక్క దెబ్బకి చేయడమే ముంచుతుంది. ఇలాంటి ట్యాంక్ మీ ఇంట్లో ఉంటే ముందు అమ్మోనియా టెస్ట్ చేయండి, మేత తగ్గించండి, రోజూ కొద్దికొద్దిగానే మార్చండి.

బాదం ఆకులు పనిచేస్తాయా?

వీధి చివర పెద్ద ఆకులతో కనిపించే బాదం చెట్టు ఎండుటాకులను అక్వేరియంలో వేసే అలవాటుంది. టానిన్లు దిగి నీళ్లకు ఆ అమెజాన్ రంగు వస్తుంది, చేపలు బెదరకుండా ఉంటాయి. మెత్తటి నీళ్లలో పీహెచ్ కొంత తగ్గుతుంది. 400 హార్డ్‌నెస్ ఉన్న బోరు నీళ్లలో మాత్రం రంగు తప్ప పెద్దగా మారేదేం ఉండదు. అందం కోసం వేసే గవ్వలు, శంఖాలు, పాలరాతి ముక్కలతో ఇంకో తంటా. అవి కరిగి హార్డ్‌నెస్ పెంచుతూనే ఉంటాయి. రాయి మీద వెనిగర్ చుక్క వేసినప్పుడు బుస్సుమని నురగ వస్తే దాన్ని ట్యాంక్‌లో పెట్టకండి.

కొనేముందు ఒక్క ప్రశ్న

ఇప్పుడు దొరికే డిస్కస్‌లో ఎక్కువ భాగం ఫారాల్లో పుట్టినవే. అవి తాతల నాటి అమెజాన్ నీళ్లను చూసి ఉండవు. కొన్ని కాస్త గట్టి నీళ్లకే అలవాటు పడి ఉంటాయి. అందుకే షాపులో ముందు అడగాల్సింది.. 'ఈ ట్యాంక్ పీహెచ్ ఎంత, టీడీఎస్ ఎంత?' అని. మీ ట్యాంక్‌ను మొదట దానికి దగ్గరగా పెట్టి, ఆ తర్వాతే మెల్లగా మార్చాలి. ఊళ్లోనే కొన్న చేపైతే సన్నటి ఎయిర్ పైపుకు ముడి వేసి, మీ నీళ్లను చుక్కచుక్కగా గంటసేపు కలుపుతూ అలవాటు చేయొచ్చు. రాత్రంతా పార్శిల్‌లో ప్రయాణం చేసొచ్చిన చేప విషయం వేరు. కవర్ విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ లేస్తుంది, అడుగున పేరుకున్న అమ్మోనియా విషమవుతుంది. దాన్ని గంటసేపు ఆ నీళ్లలోనే ఉంచకూడదు.

ఆర్వో ఖర్చు, ఈ లెక్కల గొడవ వద్దనుకునేవాళ్లకు మోలీ, గప్పీ, స్వోర్డ్‌టెయిల్ ఉన్నాయి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లకు పీహెచ్ 8 దగ్గరుంటేనే ఇష్టం. మన బోరు నీళ్లు వాటికి సరిగ్గా సరిపోతాయి. వేసవిలో ట్యాంకర్ల మీద ఆధారపడే ఇళ్లలో ఇదే తెలివైన ఎంపిక. ఈ వారం వచ్చిన ట్యాంకర్ ఒక బోరుది, వచ్చే వారానిది ఇంకో బోరుది. డిస్కస్ ఉన్న ఇంట్లో మాత్రం ప్రతి ట్యాంకర్‌కూ మళ్లీ చుక్కల కిట్ తీయాల్సిందే.