బరువు తెలియని నీటి బొట్టు

మా రొంపిచెర్లలోనైనా, మీ పట్నంలోనైనా చామాకు మీద నీటి బొట్టు ముత్యంలాగే దొర్లుతుంది. నీటి పైపొర బిగుసుకుని నీటిని ఉండ చేస్తుంది. దీన్నే తలతన్యత అంటారు. బొట్టు పెద్దదైతే మాత్రం దాని బరువే దాన్ని అణచేస్తుంది.

మరి బరువే తెలియకపోతే? భూమి చుట్టూ తిరిగే నౌకా, అందులోని వస్తువులూ అన్నీ కలిసి పడుతూనే ఉంటాయి గనక అక్కడ బరువు తెలియదు. అక్కడ బొట్ల తీరు చూడాలని 1985లో టేలర్ వాంగ్ అనే శాస్త్రవేత్త ఛాలెంజర్ నౌకలో వెళ్లారు. గిన్నె అక్కర్లేకుండా ధ్వని తరంగాలతోనే బొట్టును నిలపాలని ఏర్పాటు. తీరా వెళ్లాక పరికరం పనిచేయలేదు! ఆయనే ఓపిగ్గా విప్పి బాగుచేసుకున్నారు. తర్వాత బొట్టును తిప్పితే మొదట అణిగింది. వేగం హెచ్చితే నడుము సన్నబడి వేరుశెనక్కాయలా సాగింది.

దీనివల్ల మనకేమిటంటారా? ద్రవాలూ, వాటి పొరలూ శోధించిన ఆయనే తర్వాత వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో, ఇన్సులిన్ ఊరే క్లోమ కణాలను సన్నని పొరలో పొదిగి చక్కెర వ్యాధికి వాడే మార్గంపై పనిచేశారు.

మీరూ చూడండి. నూనె రాసిన పళ్లెంలో నీటి బొట్టు వేసి, సబ్బు నీళ్లలో ముంచిన పుల్లతో తాకండి. పైపొర పట్టు సడలి, బొట్టు చప్పున చతికిలబడుతుంది. పిల్లల్నీ పిలవండి!