చీనీ తొక్క సువాసనతో మెత్తని బిస్కత్తులు

సంజామల పరిసరములందలి నల్లరేగడి చేలలో శనగ ముఖ్యమైన పంట. చీనీకి పేరుపడినవి మనకు దక్షిణముననున్న తాడిపత్రి, పులివెందుల ప్రాంతపు తోటలు. కోస్తావారు బత్తాయి యనునది మనకు చీనీ. సంతనుండి డజను కాయలు తెచ్చి, రసము త్రాగి, తొక్కలను పెంటకుప్పపై వేయుట యింటింట జరుగుచున్న పనియే. కాయకు పెట్టిన వెలలో సువాసన భాగము ఆ తొక్కతోనే కుప్ప చేరుచున్నది. దానిని మన చేని శనగపిండితో చేర్చి, పిల్లలకు మెత్తని బిస్కత్తులు కాల్చి యిచ్చు విధమును సోదర కర్షకులకును, గృహిణులకును తెలుపదలచితిమి.

బిస్కత్తు అను పేరునకు మూలమైన లాటిను మాటకు రెండుమారులు కాల్చినదని యర్థము. నెలల తరబడి సముద్రముపై నుండు ఓడవారికి చెడకుండుటకై దానిని గట్టిగా ఎండునట్లు కాల్చెడివారు. మేము చెప్పబోవునది ఆ జాతికి చెందదు. చిన్న కేకు అను నర్థముగల డచ్చి మాటనుండి పుట్టిన కుకీ యిది. హైదరాబాదు ఉస్మానియా బిస్కత్తు నోట పొడియై కరుగును. ఇది వ్రేలితో నొక్కిన లొంగును.

చీనీ తొక్కను మడచి దీపమువద్ద నొక్కినచో సన్నని తుంపర చిటపట మండుట చిన్నతనమున చూచిన వింతయే. ఆ తుంపరయే తొక్కనూనె. పైపొరలోని సూక్ష్మమైన తిత్తులలో అది యుండును. అందు నూటికి తొంబది పాళ్లకు పైగా లిమొనీన్ అను పదార్థమే. అది నీట కరుగదు. నేతిలోను, వెన్నలోను చక్కగా కలియును. కావుననే రసమెంత పోసినను బిస్కత్తునకు తగిన వాసన రాదు. పిండి పలుచనై పళ్లెరమున పరచుకొనిపోవును. రసము పోసి పోసి విసిగి, తుదకు సీసాలోని ఎసెన్సు కొనువారిని చూచిన మాకు జాలి కలుగును. పైపొర క్రిందనున్న తెల్లని బెండు చేదు. తురుమునపుడు తెలుపు కనబడగానే కాయను త్రిప్పవలెను.

ఇచ్చట కర్షకులమైన మనము యోచింపవలసిన విషయమొకటి కలదు. తొక్కను పారవేసినంతకాలము దానిపై నేమున్నదో అడుగువారు లేరు. పిల్లలు దానిని తిననారంభించిన పిమ్మట అడుగక తప్పదు. పురుగుమందు మొదట పడునది తొక్కమీదనే. కొన్ని మందులు తొక్కనూనెలో ఇంకి నిలుచును కూడ. నిగనిగలాడుటకై అంగడి కాయలకు మైనము పూయుటయు కలదు. గోరువెచ్చని నీట కుంచెతో రుద్ది కడిగినచో దుమ్ము, కొంత మైనము, కొంత మందు పోవును గాని లోనికింకినది పోదు. మందు డబ్బాపై కోతకు ముందు విడువవలెనని వ్రాసిన దినములు పూర్తిగా గడచిన కాయనే, తెలిసిన తోటనుండి తెచ్చుకొనుట మేలు. తోట గలవారు మందు కొట్టిన తేదీని పంపుషెడ్డు గోడమీద వ్రాసియుంచినను చాలును. మందెరుగని పెరటి నిమ్మచెట్టు గలవారికి ఈ చింతయే లేదు. రెండు చీనీలకు బదులు మూడు నిమ్మకాయల తొక్క సరిపోవును.

ఇక కొలతలు. గోధుమపిండి 175 గ్రాములు, శనగపిండి 50, వెన్న 100, చక్కెర 80, పొడిచేసిన బెల్లము 40 గ్రాములు, గడ్డపెరుగు రెండు పెద్ద చెంచాలు, వంటసోడా పావు చిన్నచెంచా, చిటికెడు ఉప్పు, రెండు చీనీల తొక్క తురుము. జె.జి. 11 గాని, నంద్యాల పరిశోధనాస్థానము వెలువరించిన నంద్యాల శనగ 1 గాని, దేశవాళి రకపు పప్పును మరపట్టించిన పిండి శ్రేష్ఠము. దానిని సన్నసెగపై కమ్మని వాసన వచ్చువరకు వేయింపనిచో పచ్చివాసన చీనీని మ్రింగివేయును. గోధుమపిండిలోని జిగురు శనగపిండిలో లేనందున బిస్కత్తు సాగక మెత్తనగును. అయితే పాలు మించినచో విరిగి పొడియగును.

తురుమును చక్కెరలో వేసి వ్రేళ్లతో నలుపవలెను. చక్కెర పలుకులు తిత్తులను చీల్చి నూనెను పీల్చుకొని తడియిసుకవలె నగును. బిస్కత్తు బాగుపడుటయో చెడుటయో చాలవరకు ఇచ్చటనే తేలిపోవును. ఐదు నిమిషములు తీరికగా నలిపిన పిమ్మట వెన్న, బెల్లము చేర్చి తేలికపడువరకు గిలకొట్టి, పెరుగు కలిపి, ఉప్పు సోడాలతో జల్లించిన పిండ్లను చేర్చవలెను. పిండి చేరిన పిదప పిసుకరాదు; పిసికినకొలది జిగురు బిగియును. అరగంట చల్లనిచోట నుంచి, చిన్న నిమ్మకాయంత యుండలు చేసి, కొంచెము అదిమి, నేయి రాసిన పళ్లెరమున ఎడముగా నుంచవలెను.

విద్యుత్ ఓవెన్ గలవారు 170 డిగ్రీల వేడిలో 12 నిమిషములు కాల్చిన చాలును. లేనివారు అడుగు దళసరిగానున్న ఇనుప పాత్రలో రెండంగుళముల పొడియిసుక పోసి, కుదురు పెట్టి, మూతవేసి పది నిమిషములు కాచి, పిదప పళ్లెరము నుంచి సన్నసెగపై సుమారు 20 నిమిషములు కాల్చవలెను. కుక్కరు వాడుదురేని దాని రబ్బరు చుట్టును, విజిలును తప్పక తీసివేయవలెను. అంచులు లేత గోధుమరంగు దాల్చి, నడుమ ఇంకను పచ్చిగా తోచినపుడే దింపుడు. నడుమ గట్టిపడుదాక వేచినచో చల్లారిన పిమ్మట అది ఓడవారి బిస్కత్తే. వేడిమీద ఎత్తినచో విరుగును గనుక పది నిమిషములు పళ్లెరముననే ఆరనీయవలెను.

బెల్లము గాలిలోని తేమను లాగును. వానకాలమున బెల్లపు కుండ చెమర్చుట మనమెరిగినదే. ఆ గుణమే బిస్కత్తును మరునాటికిని మెత్తగా నిలుపును. మూత బిగియు డబ్బాలో నాలుగు దినములు బాగుండును. తేమ గలదగుటచే అంతకుమించి దాచరాదు. అమ్మదలచు మహిళాసంఘములవారు 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ననుసరించి ముందుగా నమోదు చేయించుకొనవలెను. తురుము మిగిలినచో చక్కెరతో నలిపి సీసాలో నుంచుకొనుడు, కేసరిలోనికి పనికివచ్చును.